అడుగుకు అంగుళం చొప్పున

వంటింట్లో పనులన్నీ మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. సింకులో సగం చెక్కు తీసిన బంగాళాదుంపలు. పక్కన ఇస్త్రీ బల్ల. అల్మారాలో డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, వాటి లేబుళ్లు చదువుకోవచ్చు. గ్యాస్ పొయ్యి మీటలు తిప్పి ఉన్నాయి. తలుపుల సందుల్లో వార్తాపత్రికల కాగితాలు కుక్కి ఉన్నాయి. నేల మీద ఇల్లాలు పడి ఉంది, ప్రాణం లేదు. కథ ప్రకారం అది 1944 ఏప్రిల్ నెల. ఒకపక్క వంట, మరోపక్క ఇస్త్రీ పెట్టుకున్న మనిషి ఉన్నట్టుండి ప్రాణం తీసుకుంటుందా? ఇంకెవరో చంపారంటే, సందులన్నీ కాగితాలతో మూసేశాక వాళ్లు బయటికెలా పోయారు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ ఆ వంటింటి మీదకు వంగి, టార్చిలైటు వేసి చూసేవాళ్లు పోలీసు డిటెక్టివ్‌లు. వాళ్లు చూస్తున్నది బొమ్మరిల్లు. నేల మీద పడి ఉన్న ఆ ఇల్లాలిని లేపి నిలబెడితే ఎత్తు అయిదారు అంగుళాలకు మించదు.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ నగరంలో ఉన్నాయి ఈ బొమ్మరిళ్లు. అవి ఉన్నది మ్యూజియంలో కాదు, పిల్లల ఆసుపత్రిలోనూ కాదు. రాష్ట్రంలో ఎక్కడ అనుమానాస్పద మరణం జరిగినా పోస్టుమార్టం చేసే చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో. 2010లో కట్టిన ఆ కొత్త భవనానికి మృతదేహాలు పరీక్ష కోసం వస్తుంటాయి. అదే భవనంలో ఒక గదిలో మసక వెలుతురు, వరసగా గాజు పెట్టెలు, వాటిలో 18 చిన్న చిన్న మరణాలు. వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరు ‘నట్‌షెల్ స్టడీస్ ఆఫ్ అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ డెత్’. 1940లలో వీటిని తయారు చేసినావిడ పేరు ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. కాలేజీ గడప తొక్కలేదు. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న కుట్లు, అల్లికలు ఆవిడ చేతి విద్యలు. వాటితోనే నేర పరిశోధనకు పాఠ్యపుస్తకం లాంటిది తయారు చేశారు.

ఒక్కో పెట్టెలో ఒక్కో ఇల్లు

గాజు పెట్టెల ముందు నడుస్తూ పోతే అమెరికా పల్లెలూ పట్నాలూ కళ్లముందు సాగిపోతాయి. ఒకచోట పశువుల కొట్టం, ఒకచోట దుంగలతో కట్టిన కొండ గుడిసె. మరోచోట మద్యం దుకాణం, దాని పక్కనే జైలు గది. అద్దెకిచ్చే పడగ్గదులున్నాయి, పాదిరీ గారి ముందుగది ఉంది, గులాబీ రంగు స్నానాల గది ఉంది. అటక ఒకటి ఉంది, దాని నిండా పాత కుర్చీలూ చిందరవందరగా పడ్డ ఉత్తరాలూ. రెండంతస్తుల వసారా ఒకటి ఉంది, అక్కడ తాడు మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. బట్టలు ఆరేస్తూనే పైనుంచి పడిపోయిందట అందులోని ఇల్లాలు. చీకటి స్నానాల గది అనే నమూనాలో కుళాయి నుంచి నీటి ధార తొట్టిలోకి దిగుతూ అక్కడే గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. ఏ గదికి ఆ గదిలో విద్యుద్దీపం వెలుగుతుంటుంది. ఆ దీపం ఎంత వెలుతురు ఇస్తుందో, ఏ మూల చీకట్లో ఉండిపోతుందో, అది కూడా కథలో భాగమే.

లీ కోటీశ్వరుల బిడ్డ. అయినా ఆవిడ బొమ్మరిళ్లలో మేడలూ విందుల హాళ్లూ దాదాపు కనిపించవు. మిల్లు కార్మికులు, అద్దె గదుల్లో ఒంటరిగా బతికేవాళ్లు, చిన్న జీతగాళ్లు, తాగుబోతు మొగుళ్ల పెళ్లాలు, ఇలాంటివాళ్ల ఇళ్లే ఎక్కువ. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువమంది. సాధారణంగా బొమ్మరింట్లో సంసారం ముచ్చటగా, ఎక్కడి వస్తువు అక్కడ సర్ది ఉంటుంది. లీ చేసిన ఇళ్లలో మంచం కింద దుమ్ముంది, గోడ మీద మరకలున్నాయి, వాల్‌పేపర్ చిరిగి ఉంది. అసలు సంఘటనలు కొన్నింటిని కలిపి, పేర్లు మార్చి, ఊరు మార్చి ఆవిడ ఈ కథలు అల్లారు. ప్రతి పెట్టె దగ్గరా ఒక వాంగ్మూలం ఉంటుంది. మొగుడో, పొరుగువాడో, ఇంటి యజమానో పోలీసులకు చెప్పిన మాటలవి. చెప్పినవాడు అబద్ధమాడి ఉండొచ్చు, పొరపాటు పడి ఉండొచ్చు. బొమ్మరింట్లో ఉన్న వస్తువులు మాత్రం అబద్ధమాడవన్నది ఆవిడ పెట్టిన నియమం.

షికాగోలో పుట్టి, పాటకచేరీ కుట్టి

ఫ్రాన్సెస్ 1878లో షికాగోలో పుట్టారు. తండ్రి జాన్ జేకబ్ గ్లెస్నర్‌ది వ్యవసాయ యంత్రాల వ్యాపారం. ఆయన సంస్థ 1902లో మరికొన్నింటితో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయింది. మన పల్లెల్లో ముసలి రైతులకు ఆ పేరు ట్రాక్టర్ల మీద చూసిన గుర్తు ఉండొచ్చు. షికాగో ప్రెయిరీ అవెన్యూలో వాళ్ల ఇల్లు 1887లో పూర్తయింది. దాన్ని కట్టింది ఆనాటి పేరున్న వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్. కోటలాంటి రాతిగోడల ఆ ఇంట్లోనే అన్నాచెల్లెళ్లకు ట్యూటర్లు వచ్చి చదువు చెప్పేవారు. అన్న జార్జ్ హార్వర్డ్‌కు వెళ్లాడు. చెల్లెల్ని పంపలేదు. ఆమెకు దక్కింది ఆ కాలపు ధనిక కుటుంబాల్లో ఆడపిల్లలకు నేర్పే చదువు. కుట్టుపని, లేసు అల్లిక, బొమ్మలు గీయడం, ఇల్లు సర్దుకోవడం. 1898లో పెళ్లయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు, 1914లో విడాకులయ్యాయి.

చేతిలోని విద్య మాత్రం ఊరికే ఉండలేదు. ఆమె తల్లికి సంగీతమంటే ప్రాణం, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో ఆ కుటుంబానికి మంచి స్నేహం. 1913లో కూతురు తల్లికి ఒక కానుక ఇచ్చింది: ఆ ఆర్కెస్ట్రా మొత్తం, 90 మంది వాద్యకారులు, అందరూ బొమ్మలుగా. ఎవరి దుస్తులు వాళ్లవి, ఎవరి వాద్యం వాళ్లది, ఎవరి ముందు స్వరాల కాగితం వాళ్లకు. తర్వాత ఫ్లాన్‌జాలే క్వార్టెట్ అనే నలుగురు వాద్యకారుల బృందాన్నీ అలాగే చేశారు. వాళ్లు ఎలా కూర్చుంటారో, కమాను ఎలా పట్టుకుంటారో కచేరీలకు వెళ్లి చూసి మరీ చేశారు. మనిషి కూర్చునే తీరును బట్టి ఆ మనిషెవరో చెప్పగల కన్ను అక్కడ సానపట్టుకుంది.

ఆమెకు మరణ విచారణ మీద ఆసక్తి కలిగించినవాడు అన్న సహాధ్యాయి జార్జ్ బర్జెస్ మెగ్రాత్. ఆయన బోస్టన్‌లో మెడికల్ ఎగ్జామినర్. తాను చూసిన కేసుల గురించి చెప్పేవాడు. ఎన్ని హత్యలు ఆత్మహత్యలుగా, ఎన్ని ప్రమాదాలు హత్యలుగా రాసేసుకుని పోతున్నారో చెప్పేవాడు. దానికి కారణం అప్పటి పద్ధతి. అమెరికాలో చాలాచోట్ల మరణ విచారణ చేసే కరోనర్ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాడు, వైద్యం తెలియాలన్న నియమం లేదు. మరణం జరిగిన చోటికి ముందుగా చేరే పోలీసులు రక్తం తొక్కుతూ నడిచేవారు, చేతికందిన వస్తువును పక్కకు జరిపేవారు, కత్తి మొనను వేలితో తడిమి చూసేవారు. మన దగ్గర శవ పంచనామా రాయడం చూసినవారికి ఈ చిక్కు అర్థమవుతుంది. చూసిందంతా మాటల్లోకి రావాలి. ఏది చూడాలో తెలియకపోతే ఏది రాయాలో కూడా తెలియదు. అలా కాగితం మీదకు రానిది కేసులోకీ రాదు.

లీ తన డబ్బును ఈ పనికి పెట్టారు. 1931లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లీగల్ మెడిసిన్ విభాగం ఆవిడ విరాళంతోనే మొదలైంది. 1934లో మెగ్రాత్ పేరిట వెయ్యి పుస్తకాల గ్రంథాలయం ఇచ్చారు. 1936లో రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చారు. అన్న చదివిన విశ్వవిద్యాలయం ఆవిడను విద్యార్థిగా ఎరగదు. విభాగం పెట్టించిన దాతగా మాత్రం తలుపు తీయక తప్పలేదు. 1943లో న్యూహాంప్‌షైర్ రాష్ట్ర పోలీసు శాఖ ఆవిడకు కెప్టెన్ హోదా ఇచ్చింది. అప్పటికి వయసు 65. ఆ సంవత్సరమే బొమ్మరిళ్ల పని మొదలైంది.

గుండుసూదులతో మేజోళ్లు

శవాన్నీ సంఘటనా స్థలాన్నీ తరగతి గదిలోకి తీసుకురాలేం. ఒక స్థలం ఒక్కసారే దొరుకుతుంది, ఆ తర్వాత కడిగేస్తారు. ఫొటోలో వెనకవైపు కనపడదు. అందుకే లీకి బొమ్మరిల్లు తట్టింది. న్యూహాంప్‌షైర్‌లో వైట్ మౌంటెన్స్ కొండల దగ్గర బెత్లెహెమ్ అనే ఊరుంది. అక్కడి ‘ది రాక్స్’ అనే కుటుంబ ఎస్టేట్‌లో వర్క్‌షాప్ పెట్టారు. ఎస్టేట్ వడ్రంగి రాల్ఫ్ మోషర్ గోడలు, తలుపులు, కిటికీలు, సామాన్లు చేసేవాడు. అతని తర్వాత కొడుకు ఆల్టన్ ఆ పని అందుకున్నాడు. బొమ్మలు, బట్టలు, పరుపులు, రంగులు, మరకలు లీ సొంత పని. నడుమ నడుమ దుకాణాల్లో దొరికే బొమ్మ సామాన్లు కొని, వాటికి కొత్త మెరుపు పోయేదాకా రంగులు పూసేవారు.

కొలత ఒకటే: అసలులో అడుగు ఉంటే నమూనాలో అంగుళం. పదడుగుల గది పది అంగుళాలు. రెండున్నర అడుగుల ఎత్తుండే బల్ల రెండున్నర అంగుళాలు. చెప్పుకోవడానికి ఇది తేలిక. చేతిలోకి తీసుకున్నాకే కష్టం తెలుస్తుంది. అంగుళం మందమున్న పలక ఇక్కడ రెండు మిల్లీమీటర్లు. వడ్రంగి రంపం ఒక మిల్లీమీటరు పక్కకు పోతే, ఆ ప్రపంచంలో అది 12 మిల్లీమీటర్ల తప్పు. తలుపు మూసుకోదు. లీ గదుల్లో తలుపులు మూసుకోవాలి, తాళాలు పడాలి, కిటికీ తెరలు లాగితే దిగాలి. ఎలుకబోను నిజంగా పనిచేస్తుంది, ఈల ఊదితే మోగుతుంది.

అన్నిటికంటే మొండిది బట్ట. కర్రను పలచగా చీల్చొచ్చు, నేసిన నూలును పన్నెండో వంతుకు కుదించలేం. కొత్త జీన్సు గుడ్డతో అయిదంగుళాల మనిషికి ప్యాంటు కుడితే గోనెపట్టా తొడిగినట్టే ఉంటుంది, మోకాలి దగ్గర మడత పడదు. దానికి లీ కనిపెట్టిన ఉపాయం తేలికైనదే. పనిబట్టలుగా ఓవరాల్స్ మోషర్‌కు తొడిగించి, బాగా అరిగిపోయేదాకా వాడించారు. గుడ్డ పలచబడి, మెత్తబడి, రంగు వెలిసిన చోటు చూసి, అక్కడి ముక్క కత్తిరించి బొమ్మకు కుట్టారు. శుభ్రంగా ఉన్నది పనికిరాదు, వాడి ఉన్నదే కావాలి.

బొమ్మల మేజోళ్లకు అల్లిక సూదులు పెద్దవైపోయాయి. అందుకని లీ గుండుసూదులు రెండు తీసుకుని, సన్నని దారంతో కాలి మేజోళ్లు అల్లారు. ఆఫీసు కాగితాలకు గుచ్చే సూదులే అవి. వాటితో కుట్టు తర్వాత కుట్టు లెక్క తప్పకుండా అల్లడానికి కళ్లకెంత శ్రమో అల్లిక తెలిసిన అత్తమ్మల్నడిగితే చెబుతారు. సిగరెట్లు కావలసి వస్తే పొగాకు పెట్టి, కాగితం చుట్టి, కొస కాల్చి యాష్‌ట్రేలో పెట్టారు. సీసాల మీద, డబ్బాల మీద లేబుళ్లు చిత్రించారు. పత్రికలు, ఉత్తరాలు, క్యాలెండర్లు తయారు చేశారు. బొమ్మల తలలు పింగాణీవి. శరీరాన్ని మాత్రం అవసరమైన బరువు వచ్చేలా కూర్చి, చనిపోయి ఎంతసేపయితే ఒళ్లు ఏ రంగులో ఉంటుందో, రక్తం ఏ వైపు దిగి నిలుస్తుందో తెలిసి రంగులు వేశారు. పోస్టుమార్టం గదిలో నేర్చుకున్న విషయం అలా కుంచె మీదకొచ్చింది.

మొదటి నమూనా ఒక రైతు పశువుల కొట్టం. దానికి కొత్త కర్ర వాడి రంగు పూస్తే చాలు కదా అనిపిస్తుంది. లీకి అది నచ్చలేదు. ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నాని బూడిదరంగు తిరిగిన పాత కొట్టం కర్ర తెప్పించారు. చిక్కేమిటంటే ఆ రంగు కర్ర పైపొరలోనే ఉంటుంది. పన్నెండో వంతు మందానికి చీల్చేటప్పుడు ఆ పొరను నిలుపుకోవాలి. ఇంకో నమూనాలో కాలిపోయిన గుడిసె ఉంది. దాన్ని కాలిపోయినట్టు నల్లరంగు పూసి చేయలేదు. ముందు గుడిసెను సామాన్లతో సహా పూర్తిగా కట్టారు, ఆ తర్వాత మంటగొట్టంతో కాల్చారు. నిప్పు ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో చెప్పడానికి రంగు చాలదు మరి.

ఒక్కోటి పూర్తవడానికి నెలలు పట్టేది, వేల డాలర్లు ఖర్చయ్యేది. మొత్తం 20 చేశారు. ఒకటి దెబ్బతిని పోయింది. 2003లో ఆ ఎస్టేట్ అటకమీద ఎవరూ చూడకుండా పడి ఉన్న మరొకటి బయటపడింది.

పెద్దల బొమ్మరిళ్లు

బొమ్మరిల్లు పిల్లల ఆట అని అనుకోవడం ఆలస్యంగా వచ్చిన అలవాటు. యూరప్‌లో తొలి బొమ్మరిళ్లు పెద్దల వైభవం కోసం పుట్టాయి. 1558 నాటికే బవేరియా డ్యూక్ ఐదవ ఆల్బ్రెక్ట్ దగ్గర ఒకటి ఉండేది. నగరాల్లో ధనిక స్త్రీలు బీరువాల్లో ఇళ్లు కట్టించేవారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ అనే గృహిణి 1686 నుంచి 1710 దాకా తీర్చుకున్న బీరువా ఇల్లు ఉంది. దానికి పెట్టిన డబ్బుతో ఆ నగరంలో కాలువ గట్టున నిజమైన ఇల్లే కొనుక్కోవచ్చంటారు. జర్మనీ న్యూరెంబర్గ్‌లో బొమ్మ వంటగదులు చేసేవారు. వాటితో ఆడపిల్లలు పాత్రల పేర్లు, పొందిక నేర్చుకునేవారు. ఇంగ్లండ్‌లో విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు 1924లో పూర్తయింది. దాని శిల్పి మన ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టిన ఎడ్విన్ లుట్యెన్స్. అందులోని కుళాయిల్లో నీళ్లొస్తాయి, దీపాలు వెలుగుతాయి. అది కూడా అడుగుకు అంగుళం లెక్కే.

మన ఇళ్లలోనూ ఇది కొత్త కాదు. ఏటికొప్పాక లక్కపిడతలతో ఆడుకున్న పిల్లలకు చిన్న వంటిల్లంటే ఏమిటో తెలుసు. సంక్రాంతికీ దసరాకూ బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో, మెట్ల పక్కన చిన్న ఊరు, చెరువు, బండి, పెళ్లి పందిరి ఇంట్లో దొరికిన వస్తువులతోనే లేస్తాయి. తేడా ఒక్కటే. కొలువులో పెద్ద రాజుగారి పక్కన అంతకన్నా పెద్ద కోడిపుంజు ఉన్నా చూసేవారికి అభ్యంతరం లేదు. చూడముచ్చట చాలు. లీ పెట్టెల్లో మాత్రం కొలత తప్పితే సాక్ష్యం తప్పుతుంది. కుట్టుపనిని ఆడవాళ్ల కాలక్షేపం అన్నవాళ్లు దాన్ని ఎంత తక్కువగా చూశారో ఈ బొమ్మరిళ్లు చూస్తే అర్థమవుతుంది. గుడ్డ ఎంత వాడితే ఎలా అరుగుతుందో, ఇల్లు ఎలా మాస్తుందో, ఇస్త్రీ మధ్యలో ఏ పనికి లేస్తారో తెలిసినవాళ్లకు సంఘటనా స్థలం సగం తెలిసినట్టే. ఆ తెలివి అప్పటిదాకా పోలీసు పాఠాల్లో లేదు.

ఆరంగుళాల మనిషివై చూడు

1945లో లీ హార్వర్డ్‌లో పోలీసు అధికారులకు హత్యా పరిశోధన సెమినార్లు మొదలుపెట్టారు. ఏడాదికి రెండుసార్లు, వారం రోజుల పాటు. వైద్యుల పాఠాలుండేవి, ఆ పైన ఈ బొమ్మరిళ్లు. అధికారికి నమూనాలు అప్పగించి, ఒక్కోదానికి 90 నిమిషాల గడువిచ్చేవారు. ఆ తర్వాత లేచి నిలబడి తాను చూసిందేమిటో తోటివారికి చెప్పాలి. హంతకుణ్ని పట్టుకోవడం లక్ష్యం కాదు. అసలు కొన్ని పెట్టెల్లో హంతకుడే లేడు. ఏం కనపడింది, ఏం కనపడలేదు, ఏది అడగాలి అన్నదే పరీక్ష. తనను తాను ఆరంగుళాల మనిషిగా ఊహించుకుని గదిలోకి అడుగుపెట్టమని ఆవిడ చెప్పేవారు. అలా వెళ్లినవాడు శవం దగ్గరకు పరిగెత్తకూడదు. గుమ్మం ఎడమ నుంచి మొదలుపెట్టి, గోడల వెంట చుట్టూ తిరుగుతూ, చివరికి మధ్యకు రావాలి.

పాదిరీ గారి ముందుగదిలో మాంసం పొట్లం ఒకటి ఉంది. చనిపోయిన అమ్మాయి దాన్ని రాత్రి వంటకు కొనుక్కొచ్చింది. మొదటిసారి చూసేవాళ్లు గదిలోని అమ్మాయినే చూస్తారు. పొట్లం దగ్గర ఆగినవాడికి అది ఎప్పటి నుంచి అక్కడ ఉందనే ప్రశ్న వస్తుంది. వంటింట్లోని బంగాళాదుంపలూ అలాంటివే. సింకు, పొయ్యి, ఇస్త్రీ బల్ల కలిపి చూసినప్పుడు ఆ ఇల్లాలు ఆ పూట ఏమనుకుందో బయటికొస్తుంది. పెర్రీ మేసన్ నవలల రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డనర్ ఈ సెమినార్‌కు వచ్చి, లీకి మిత్రుడై, 1949లో వచ్చిన తన నవల ఒకదాన్ని ఆమెకు అంకితమిచ్చాడు.

లీ 1962లో మరణించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే హార్వర్డ్ విభాగం మూతపడింది. అక్కడ శిక్షణ పొందిన రస్సెల్ ఫిషర్ అప్పటికి మేరీలాండ్ చీఫ్ మెడికల్ ఎగ్జామినర్. ఆయన చొరవతో 1968లో పెట్టెలు బాల్టిమోర్‌కు వచ్చాయి. ఆ రాష్ట్రం అందుకు తగినదే. కరోనర్ పద్ధతి తీసేసి, వైద్యుల చేతిలో మరణ విచారణ పెట్టే రాష్ట్ర వ్యవస్థను 1939లోనే తెచ్చుకుంది. లీ పేరిట సెమినార్లు అక్కడ కొనసాగుతున్నాయి.

ఇన్నేళ్ల తర్వాత పెట్టెలకూ వైద్యం కావలసి వచ్చింది. లీ పెట్టించిన బల్బులే లోపల వేడి పుట్టించి గుడ్డనూ కాగితాన్నీ దెబ్బతీస్తున్నాయి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన రెన్విక్ గ్యాలరీ 2017 అక్టోబర్ నుంచి 2018 జనవరి దాకా వీటిని ప్రదర్శించింది. దానికి ముందు అక్కడి సంరక్షకులు పగుళ్లు పూడ్చి, ఊడినవి అతికి, పాత బల్బుల స్థానంలో ఎల్ఈడీ దీపాలు అమర్చారు. కష్టమల్లా కొత్త దీపాల వెలుగు పాత వెలుగులాగే ఉండాలి. దీపం తెల్లగా మారితే మరక కనపడే తీరు మారుతుంది, మరక మారితే కేసు మారుతుంది. ఆ ప్రదర్శనలో 2003లో దొరికినదానితో కలిపి 19 నమూనాలు ఒక్కచోట చేరాయి.

చూడాలంటే

బాల్టిమోర్‌లోని కార్యాలయం పని జరిగే చోటు, టికెట్ కొని వెళ్లే చోటు కాదు. అటువైపు వెళ్లే ఆలోచన ఉన్నవారు ముందుగా కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవడం మంచిది. ఇంట్లో కూర్చుని చూడాలంటే రెన్విక్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో కొన్ని నమూనాలను చుట్టూ తిప్పి చూసే వీలుంది. ఫొటోగ్రాఫర్ కోరిన్ మే బాట్జ్ 2004లో తెచ్చిన పుస్తకంలో గదుల లోపలికి కెమెరా వెళ్లింది. బ్రూస్ గోల్డ్‌ఫార్బ్ 2020లో రాసిన ‘ఎయిటీన్ టైనీ డెత్స్’ లీ జీవితం పూర్తిగా చెబుతుంది. షికాగోలో ఆవిడ పెరిగిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. గైడుతో తిరిగి చూడొచ్చు. న్యూహాంప్‌షైర్‌లోని ఎస్టేట్ అడవుల సంరక్షణ సంస్థ చేతిలో ఉంది, నడక దారులున్నాయి.

ఇదంతా చదివి చేతులు ఊరుకోనివారికి అమెరికా వెళ్లే పనిలేదు. టేపు తీసి ఇంట్లో ఒక మూలను కొలిస్తే చాలు. ఆరడుగుల నులక మంచం ఆరంగుళాలవుతుంది, నులకకు బదులు దారం. ఐస్‌క్రీం పుల్ల మందం రెండు మిల్లీమీటర్లు, అంటే ఆ ప్రపంచంలో దాదాపు అంగుళం పలక. బల్లలకూ బెంచీలకూ అంతకన్నా మంచి కర్ర ఇంట్లో దొరకదు. అయిదు సెంటీమీటర్ల అగ్గిపెట్టె అరవై సెంటీమీటర్ల సొరుగు. మూడు పేర్చి అతికిస్తే గుడ్డల బీరువా. చీపురు పుల్లలు కుర్చీ కమ్మీలు. కిటికీ తెరలకు కొత్త బట్ట కొనకండి, బాగా ఉతికి ఉతికి నలిగిన పాత పంచె చెంగు చూడండి. రంగు వేసేముందు అసలు వస్తువును ఇంకోసారి చూడండి. రోజూ కూర్చునే కుర్చీ చేతి కొస ఎక్కడ అరిగిందో కొలిచేదాకా తెలియదు.

అంత చిన్న కుర్చీతో నేరాన్ని పట్టొచ్చా అన్న సందేహం మిగిలితే, దానికి జవాబు బాల్టిమోర్‌లో తరగతికి వచ్చే డిటెక్టివ్‌ల దగ్గర ఉంది. ఎనభై ఏళ్లలో డీఎన్ఏ పరీక్ష వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, గది మొత్తాన్ని త్రీడీలో స్కాన్ చేసే యంత్రం వచ్చింది. ఏ వస్తువును పరీక్షకు పంపాలో తేల్చడానికి మాత్రం గదిలో నిలబడి చూసే మనిషే కావాలి. ఆ చూపును ఇప్పటికీ ఈ పెట్టెల ముందే పరీక్షిస్తున్నారు, అందుకే నమూనాల పరిష్కారాలను కార్యాలయం ప్రకటించదు. పరీక్ష మారలేదు, ప్రశ్నపత్రమూ మారలేదు. మారేది ప్రతిసారీ దాని ముందు వంగి చూసేవాళ్లే.